380 రోడ్డు పట్టుకుని పడమరకి: అన్నతో ఐదు రోజులు

డాలస్ ఉత్తరాన, ఫ్రిస్కో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి 380 అంటే ట్రాఫిక్. పొద్దున ఆఫీసుకి, సాయంత్రం పిల్లల క్లాసులకి అందరం ఆ రోడ్డు మీదే ఇరుక్కుంటాం. అదే రోడ్డు పడమరకి డెంటన్, డికేటర్, గ్రాహం, హాస్కెల్ దాటి, ఎర్ర నేలల మీదుగా పోస్ట్ అనే ఊరికి, ఆ తర్వాత న్యూ మెక్సికోకి పోతుందని నాకు చాలా ఏళ్లు తెలియదు. 2016లో వచ్చిన ‘హెల్ ఆర్ హై వాటర్’ సినిమా చూశాక మ్యాపులో పోస్ట్ ఎక్కడుందో వెతికితే మా ఇంటి దగ్గరి రోడ్డే కనిపించింది.

ఆ సినిమా ఇద్దరు అన్నదమ్ముల కథ. తల్లి చనిపోయింది. ఆమె బతికుండగా బ్యాంకు దగ్గర చేసిన అప్పు కింద పొలం పోబోతోంది. తమ్ముడు టోబీ, జైలు నుంచి వచ్చిన అన్న టానర్ కలిసి అదే బ్యాంకు శాఖల్ని దోచి, ఆ డబ్బుతోనే అప్పు తీర్చాలనుకుంటారు. దర్శకుడు డేవిడ్ మెకెంజీ బ్రిటన్ నుంచి వచ్చాడు. రాసిన టేలర్ షెరిడన్ టెక్సాస్‌లో పెరిగాడు. కెమెరా పట్టింది జైల్స్ నట్జెన్స్, మన దీపా మెహతా సినిమాలకి పనిచేసినాయన.

కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో అన్న వేరుశనగ రైతు. పోయిన అక్టోబర్‌లో మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. మాల్స్, గుళ్లు అయిపోయాక, “పొలాలు చూపీరా” అన్నాడు. ఐదు రోజులు సెలవు పెట్టాను. మా ఆవిడ రెండు రోజులకి సరిపడా పులిహోర, చపాతీలు కట్టిచ్చింది.

మొదటి రోజు: ఆర్చర్ సిటీ

డెంటన్ దాటాక ఇళ్లు పలచబడ్డాయి, డికేటర్ దాటాక ఆకాశం పెద్దదయింది. జాక్స్‌బొరో దగ్గర 380 వదిలి ఉత్తరానికి తిరిగి, మధ్యాహ్నం ముందే ఆర్చర్ సిటీ చేరాం. సినిమాలో మొదటి దోపిడీ జరిగే ఊరు ఇదే. రెండు వేల మంది కూడా లేరు. ఊరి నడిమధ్యలో రాతితో కట్టిన పాత కోర్టు భవనం, దాని చుట్టూ నాలుగు వీధులు. సగం షాపులు మూసేసి ఉన్నాయి.

ఈ ఊరికి ఇంకో సినిమా చరిత్ర ఉంది. ‘హెల్ ఆర్ హై వాటర్’లో ఆ అన్నదమ్ముల వెంటపడే పోలీసు, రేంజర్ మార్కస్ వేషం వేసిన జెఫ్ బ్రిడ్జెస్, ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఇదే వీధుల్లో నటించిన బ్లాక్ అండ్ వైట్ సినిమా ‘ద లాస్ట్ పిక్చర్ షో’ 1971లో వచ్చింది. దానికే ఆయనకి మొదటి ఆస్కార్ నామినేషన్ దొరికింది. నలభై అయిదేళ్ల తర్వాత, కథలో ఈ ఊరి పేరే ఉన్న సినిమాకి ఇంకో నామినేషన్ వచ్చింది. అప్పుడు థియేటర్ మూతపడుతున్న ఊరి కథ. ఇప్పుడు ఊరి పేరుతో మిగిలింది బ్యాంకు ఒక్కటే.

కోర్టు మెట్ల మీద కూర్చుని పులిహోర తింటూ అన్నకి ఆ తల్లి చేసిన అప్పు సంగతి చెప్పాను. దాన్ని రివర్స్ మార్ట్‌గేజ్ అంటారు. ఇప్పటి మామూలు పద్ధతిలో 62 ఏళ్లు నిండినవాళ్లకి ఇల్లు తాకట్టు మీద బ్యాంకు డబ్బిస్తుంది. ఆ ఇంట్లోనే ఉంటూ బతికున్నంత కాలం నెల వాయిదా కట్టక్కర్లేదు. వడ్డీ అసలులో కలుస్తూ పోతుంది. మనిషి పోయాక వారసులు అప్పు తీర్చాలి, లేదంటే ఇల్లు వదులుకోవాలి. ఈ లోపల ఆస్తి పన్ను మాత్రం ఆపకూడదు, ఆపితే అక్కడే పట్టుకుంటారు.

“ముసలోళ్లు తిండికి తీసుకుంటారు, పిల్లోళ్ల నెత్తిన పడ్తాది,” అన్నాడు అన్న. “వేలం యాడ ఏస్తారు?”

మేం కూర్చున్నలాంటి చోటే వేస్తారు. టెక్సాస్‌లో జప్తు చేసిన ఆస్తుల్ని ప్రతి నెలా మొదటి మంగళవారం కౌంటీ కోర్టు దగ్గర వేలం వేస్తారు. కనీసం 21 రోజుల ముందు నోటీసు అతికించాలి. ఆ మాట వినగానే అన్న లేచి తలుపు దాకా వెళ్లాడు. అక్కడ అంటించిన కాగితాలు చదవడం రాకపోయినా ఒక్కొక్కటే చాలాసేపు చూశాడు. మాకూ ఒకసారి అలాంటి కాగితం వచ్చింది. 2009లో నేను ఎంఎస్‌కి వచ్చేటప్పుడు నాన్న ఆరెకరాల మెట్ట ఒక బ్యాంకులో తాకట్టు పెట్టాడు. వరసగా పంటలు పోయాయి. నాకు ఉద్యోగం రాకముందే నోటీసు మా ఇంటి తలుపుకి చేరింది. బెంగుళూరులో బిల్డింగ్ పనికి పోయి దాన్ని విడిపించింది అన్న.

సాయంత్రం ఓల్నీ మీదుగా దక్షిణానికి వచ్చాం. సినిమాలో రెండో దోపిడీ ఇక్కడే, మొదటిది జరిగిన పొద్దునే. అసలు ఓల్నీ పేరు తెలిసింది మాత్రం పొలాల మీద మందు చల్లే ఎయిర్ ట్రాక్టర్ విమానాలు తయారయ్యే ఊరుగా. వీపున డబ్బా తగిలించుకుని మందు కొట్టే అన్నకి ఇది పొలం పని విమానమంటే నమ్మడానికి కాసేపు పట్టింది. రాత్రి హాస్కెల్‌లో ఆగాం.

రెండో రోజు: జేటన్, పోస్ట్

పొద్దున ఏడింటికే బయలుదేరాం. యాస్పర్‌మాంట్ దాటాక నేల రంగు మారింది. రోడ్డు పక్క గట్లు, వాగుల ఒడ్లు, గొడ్లు తొక్కిన దారులు అన్నీ ఎరుపు. అన్న కారు ఆపమన్నాడు. కంచె ఇవతల వంగి పిడికెడు మట్టి తీసి నలిపి చూసి, “ఇంత నేల పెట్టుకోని యాడికి పోయినారప్పా జనం?” అన్నాడు.

అది కెంట్ కౌంటీ. కౌంటీ మొత్తం మీద వెయ్యి మంది కూడా లేరు, 2020 జనాభా లెక్కల్లో 753. క్లేర్‌మాంట్‌లో ఒక పాత రాతి జైలు మిగిలింది, ఊరు మిగల్లేదు. కౌంటీ ఆఫీసులు ఉండే జేటన్‌కి పక్కదారిలో వెళ్లి చూశాం. సినిమాలో అన్నదమ్ములు జేటన్ శాఖని దోచుకుందామని వస్తే అది మూసేసి ఉంటుంది. టైం లేక, గుంపు ఎక్కువగా ఉండే పోస్ట్‌కి వెళ్తారు, అక్కడే పథకం చెడిపోతుంది. సినిమా చూసినప్పుడు బ్యాంకు మూతపడడం కథ కోసం పెట్టిన మలుపు అనుకున్నాను. జేటన్ వీధిలో నిలబడితే అట్లా అనిపించలేదు. మధ్యాహ్నం పూట మనిషి కనపడని వీధి. బ్యాంకు ఉండడమే ఇక్కడ వింత.

ఈ దూరాలు చూస్తేనే వాళ్ల పథకం అర్థమవుతుంది. పొద్దున తలుపు తీసే వేళకి వస్తారు, జనం ఉండరు. సొరుగుల్లోని విడి నోట్లే తీసుకుంటారు, కట్టలు ముట్టరు. మొత్తం చిన్నది కాబట్టి ఎఫ్‌బీఐ దీని మీద శ్రద్ధ పెట్టదు. పోలీసు రావాలంటే ఊరికీ ఊరికీ మధ్య పాతిక, ముప్పై మైళ్లు. వాడిన కార్లని తమ పొలంలోనే గుంత తవ్వి పూడ్చేస్తారు. పూడ్చడానికి వాళ్లకి చోటుకి కొరత లేదు. పోబోతోంది కూడా ఆ చోటే.

పోస్ట్ ఊరి కథ అన్నకి సినిమా కంటే ఎక్కువ నచ్చింది. పొద్దున పాలల్లో వేసుకుని తినే సీరియల్స్ వ్యాపారంలో కోట్లు గడించిన సి. డబ్ల్యూ. పోస్ట్ 1907లో ఈ ఊరు కట్టించాడు. రైతులకి పొలాలు కొలిచి, ఇళ్లు కట్టి అమ్మాడు. వాన మాత్రం కట్టించలేకపోయాడు. యుద్ధాల్లో ఫిరంగులు పేలాక వాన పడుతుందని అప్పట్లో ఒక నమ్మకం. దాన్ని పట్టుకుని 1910 నుంచి కొన్నేళ్ల పాటు ఊరి పక్క కొండ అంచు మీద గంటల తరబడి డైనమైట్ పేల్పించాడు. ఎప్పుడైనా చినుకు పడితే పేలుడు వల్లే అనుకున్నారు.

“మన దగ్గర మేఘమథనం చేసినారు కదరా,” అన్నాడు అన్న. అవును, మా అనంతపురం మీద విమానాలు తిరిగిన రోజులు నాకూ గుర్తున్నాయి. జనం మిద్దెలెక్కి చూసేవాళ్లు. వాన కోసం ఆకాశంతో పెనుగులాడిన మనిషిని చూసి అన్న నవ్వలేదు. ఆ కొండ అంచు ఎక్కడ, ఎంత మందు పేల్చారు, ఎవరు డబ్బు పెట్టారు అని అడుగుతూనే ఉన్నాడు.

ఊరు దాటగానే ఆ అంచు ఎక్కాం. దాన్ని కాప్‌రాక్ అంటారు. కింద ఎర్ర గుట్టలు, లోయలు. పైకి ఎక్కిన మరుక్షణం చేత్తో చదును చేసినట్టు నేల. అక్కడి నుంచి లబ్బక్ దాకా రెండు పక్కలా పత్తి. కోత మొదలైంది. తీసిన పత్తిని యంత్రం గుండ్రటి మోపులుగా చుట్టి, పసుపు, గులాబీ ప్లాస్టిక్ కప్పి చేలో వదిలేస్తోంది. ఒక్కో మోపు మన ఎద్దులబండి కంటే పెద్దది. కూలీ మనిషి ఒక్కడు లేడు.

రాత్రి లబ్బక్ హోటల్ గదిలో ల్యాప్‌టాప్‌లో సినిమా పెట్టాను. మాటలు నేను తెలుగులో చెప్తూ పోయాను. ముసలి వెయిట్రెస్ సీన్ దగ్గర అన్న బాగా నవ్వాడు. ఆమె హోటల్లో ఏం కావాలని అడగదు, ఏం వద్దని అడుగుతుంది. ఎందుకంటే అక్కడ అందరూ తినేది ఒకటే, టీ-బోన్ స్టేక్, ఉర్లగడ్డ. రోడ్డు పక్క గడ్డి తగలబడుతుంటే కాపరులు గొడ్లని తోలుకుపోయే సీన్‌లో లేచి కూర్చున్నాడు. దోపిడీల దగ్గర మామూలుగా చూశాడు. చివర్లో, టోబీ బ్యాంకులో డబ్బు కట్టి అప్పు విడుదల కాగితం అడిగే చోట నా చేయి పట్టుకుని ఆపాడు.

“ఆ కాగితం ఇచ్చినారా? చేతికిచ్చినారా?”

ఇచ్చారని చెప్పాను. వెనక్కి తిప్పి ఇంకోసారి చూపించమన్నాడు. మా బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి అన్న ఎన్నిసార్లు తిరిగాడో నాకు ఆ రాత్రి చెప్పాడు. డబ్బు మొత్తం కట్టేశాక పదకొండు సార్లు. ఈ రోజు సార్ లేడు, రేపు సంతకం లేదు. మనకి సినిమా అంటే తుపాకులు, కార్లు. కానీ రాసినవాడికి తెలుసు, అసలు టెన్షన్ అంతా ఆ ఒక్క కాగితం మీదే ఉందని. అందుకే ఈ సినిమా నాకు ఇంతగా పట్టింది.

మూడో రోజు: క్లోవిస్, పోర్టాలెస్

లిటిల్‌ఫీల్డ్, మ్యూల్‌షూ దాటి ఫార్వెల్ దగ్గర రాష్ట్రం దాటాం. అటు పక్క ఊరి పేరు టెక్సికో, గడియారం గంట వెనక్కి పోయింది. పది మైళ్లలో క్లోవిస్.

కథ అంతా టెక్సాస్‌దే అయినా తీసింది ఇక్కడ, తూర్పు న్యూ మెక్సికోలో. 2015 మే నెలాఖరులో క్లోవిస్‌లోనే షూటింగ్ మొదలైంది. ఖర్చులో నాలుగో వంతు దాకా ఈ రాష్ట్రం పన్ను రాయితీగా వెనక్కి ఇచ్చేది. మొత్తం బడ్జెట్ కోటీ ఇరవై లక్షల డాలర్లే అయినప్పుడు అది పెద్ద మొత్తం. ఇటుకలు పరిచిన మెయిన్ స్ట్రీట్‌లో నడుస్తుంటే అన్న ఆగి, “రాత్రి చూసిన ఊరు ఇదే కదా!” అన్నాడు. నిజం ఆర్చర్ సిటీని రెండు రోజుల ముందే చూసినా, సినిమాలోని ఊరుగా అతను గుర్తుపట్టింది దీన్నే. సినిమా మొదట్లో కెమెరా తిరుగుతూ ఒక గోడ రాతని చూపిస్తుంది. ఇరాక్ యుద్ధానికి మూడుసార్లు పోయొచ్చాను, మాలాంటివాళ్లని మాత్రం ఆదుకునేవాడు లేడని ఆ రాత సారాంశం. 2008లో బ్యాంకులకి ప్రభుత్వం వేల కోట్లు ఇచ్చి నిలబెట్టిన కోపం అది. మూసేసిన షాపుల అద్దాల్లోంచి లోపలికి చూస్తూ ఆ వీధి చివరిదాకా నడిచాం.

క్లోవిస్ నుంచి పోర్టాలెస్ ఇరవై మైళ్లు ఉండదు. దారిలో బ్లాక్‌వాటర్ డ్రా. దాదాపు 13,000 ఏళ్ల కిందట ఇక్కడొక నీటి మడుగు. నీళ్లకి వచ్చిన మామత్ ఏనుగుల్ని మనుషులు రాతి ఈటెలతో వేటాడారు. ఆ ఎముకలతో పాటే ఈటె మొనలు దొరికాయి. క్లోవిస్ మొనలని ప్రపంచమంతా చెప్పుకునేది వీటినే. ఆ పాత మనుషులు చేత్తో తవ్విన బావి ఆనవాళ్లు కూడా అక్కడ బయటపడ్డాయి. మా పొలంలో అన్న ఇప్పటికి నాలుగు బోర్లు వేయించాడు, ఒక్కదాంట్లోనే నీళ్లు. బావి అని విన్నాక అతను అక్కడి నుంచి త్వరగా కదల్లేదు. ఈ చుట్టుపక్కల పొలాలకి నీళ్లిచ్చే ఓగలాలా భూగర్భ జలం ఏటేటా దిగిపోతోంది. గడియారం ముల్లులా గుండ్రంగా తిరిగే పైపుల కింద పచ్చగా ఉన్న చేలు, ఆ గుండ్రం బయట ఎండు గడ్డి.

పోర్టాలెస్ వలెన్షియా వేరుశనగకి పేరున్న ఊరు. ఊరి బయట ఒక చేలో కాయ పెరికి తిరగేసి వరసలుగా ఆరబెట్టారు. ఆ వాసన తగలగానే మా ఇద్దరికీ ఇల్లు గుర్తొచ్చింది. ఊళ్లో ఒక షాపులో వేయించిన కాయలు కొన్నాం. అన్న ఒకటి ఒలిచి చేతిలో పోసుకున్నాడు. ఎర్రటి పొట్టు, నాలుగు గింజలు. “మన కదిరి-6లో రెండే కదా. ఇది తీపి కూడా.” షాపు పెద్దాయనతో నన్ను మధ్యలో పెట్టుకుని అరగంట మాట్లాడాడు. ఎకరాకి ఎంత, తేమ ఎంత ఉంటే కొంటారు, ఎలుకలు ఉన్నాయా. ఆ అరగంట కోసమైనా ఈ ప్రయాణం చేయొచ్చు.

నాలుగో రోజు: పాలో డ్యూరో

హియర్‌ఫర్డ్ దగ్గర వేల పశువులున్న దొడ్లు, కిలోమీటర్ల ముందే వాసన. కెన్యన్ ఊరు దాటి, చదునైన నేల ఒక్కసారిగా విరిగిపోయిన చోటికి వచ్చాం. పాలో డ్యూరో లోయ, 120 మైళ్ల పొడవు. మన గండికోట గుర్తొస్తుంది కానీ ఇది ఎర్రటి మట్టిగుట్టల లోయ, ఇంకా విశాలం.

ఇక్కడికి రావడానికి కారణం సినిమాలో ఆల్బర్టో చెప్పే మాట. జెఫ్ బ్రిడ్జెస్ పక్కన ఉండే రెండో రేంజర్ అతను, సగం కొమాంచీ, అంటే ఇక్కడి ఆదివాసీ తెగవాడు. ఆ వేషం వేసిన గిల్ బర్మింగ్‌హామ్ కూడా కొమాంచీ మూలాలున్నవాడే. ఎదురుగా ఉన్న బ్యాంకుని చూస్తూ, నూట యాభై ఏళ్ల కిందట ఇదంతా మావాళ్ల నేల, వీళ్ల తాతలు మా దగ్గర లాక్కున్నారు, ఇప్పుడు వీళ్ల దగ్గర లాక్కునేది సైన్యం కాదు, ఆ ఎదురుగా ఉన్నది అంటాడు. ఈ సినిమాకి మొదట పెట్టిన పేరు కూడా కొమాంచీల నేల అనే అర్థం వచ్చేదే.

కొమాంచీల చేతిలోంచి ఈ నేల పోయింది ఈ లోయలోనే. 1874 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున కల్నల్ రానాల్డ్ మెకెంజీ సైన్యం పై అంచు నుంచి కిందికి దిగింది. మనుషులు చాలామంది తప్పించుకున్నారు. వాళ్ల గుడారాలు, చలికాలానికి దాచుకున్న తిండి తగలబెట్టారు. 1,400కి పైగా గుర్రాలు పట్టుకున్నారు. వాటిలో వెయ్యికి పైగా కాల్చి చంపారు. గుర్రం లేని కొమాంచీ వేటకి పోలేడు, తప్పించుకోనూ లేడు. మరుసటి ఏడాది జూన్‌లో కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ తనవాళ్లతో ఫోర్ట్ సిల్ అనే సైన్యం కోటకి వచ్చి లొంగిపోయాడు. 1876లో చార్ల్స్ గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి తన మందతో ఇదే లోయలో దిగాడు. రెండేళ్లు ఖాళీగా ఉంది అంతే.

లోయ అడుగున వాగు పక్కన కూర్చుని ఇదంతా అన్నకి చెప్పాను. సైన్యం సంగతి మామూలుగా విన్నాడు. గుర్రాల దగ్గర మాట్లాడలేదు. చాలాసేపు చేతిలో పుల్ల విరుస్తూ ఉన్నాడు.

“నువ్వు రెండో ఫీజుకి ఫోన్ చేసినావు చూడు,” అన్నాడు. “2010లో. ఆ పొద్దు ఎద్దుల్ని అమ్మినా.”

మా జత ఎద్దుల్ని ట్రాక్టర్లు వచ్చాక అమ్మేశారని నేను ఇన్నేళ్లూ అనుకున్నాను. అమ్మ కూడా అట్లాగే చెప్పింది. “సంతలో ఇచ్చేసి వస్తుంటే ఆ పెద్దది నా ఎనకాలే చూస్తా ఉండె,” అన్నాడు అన్న. ఆ ఏడాది బాడుగ సేద్యం చేయించి, అది గిట్టక, పొలం పనికి బదులు బెంగుళూరు పోయాడు. నేను ఏమీ అనలేకపోయాను. చీకటి పడుతుంటే పార్కు మనిషి వచ్చి గేట్లు మూసే టైం అయిందని చెప్పాడు. అమరిల్లోలో ఏం తిన్నామో నాకు గుర్తులేదు.

ఐదో రోజు: ఇంటికి

287 మీద తూర్పుకి. క్వానా పేరు పెట్టిన ఊరి మీదుగా, వెర్నన్ మీదుగా వచ్చాం. విచిటా ఫాల్స్ దగ్గర కాస్త పక్కకి తిరిగి రెడ్ రివర్ దాటితే ఓక్లహోమా. డెవల్ దగ్గర కొమాంచీ నేషన్ నడిపే కేసినో రోడ్డు మీదికే కనిపిస్తుంది. సినిమాలో దోచిన నోట్లని గిరిజన కేసినోలో చిప్స్‌గా మార్చి, మళ్లీ చిప్స్ ఇచ్చి చెక్కు తీసుకుంటారు. ఆ చెక్కు బ్యాంకు పేరు మీదే. లోపలికి వెళ్లలేదు. నది మీది వంతెన పక్కన ఆగి, ఇసకలో సన్నగా పారే ఎర్ర నీళ్లు చూసి వచ్చేశాం.

డికేటర్ దాకా అన్న పెద్దగా మాట్లాడలేదు. మళ్లీ 380 ఎక్కాక అడిగాడు.

“ఆ పెద్దోడు, చచ్చిపోతానని తెలిసే వచ్చినాడు కదా?”

అవునన్నాను. టోబీ ఒకసారి అన్నని అడుగుతాడు, ఇది సాగదని తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావని. తమ్ముడు అడిగాడు కాబట్టి అంటాడు టానర్. ఆ సీన్ లబ్బక్‌లో నేను తెలుగులో చెప్పేటప్పుడు తొందరగా దాటేశాను. ఇప్పుడు మళ్లీ సరిగ్గా చెప్పాను.

“అంతే కదా,” అన్నాడు అన్న. “అడిగినాడు.”

డెంటన్ దాటగానే ట్రాఫిక్ మొదలైంది. ముందు ఎర్ర లైట్లు బారుగా నిలబడ్డాయి. అన్న సంచిలోంచి వేరుశనగ కాయలు తీసి ఒలిచి, గింజలు నా చేతిలో పోస్తూ కూర్చున్నాడు.